సీసాలో రంగు, బోరులో ఫ్లోరైడు

మా అక్క కొడుకు గుత్తిలో సముద్రం పెట్టాడు.

ఏ దిక్కుకు పోయినా ఉప్పునీళ్ళు కాలికి తగలాలంటే రెండు వందల యాభై కిలోమీటర్లకు తక్కువ లేని ఊరు ఇది. వాన సంగతి చెప్పనక్కర్లేదు. జిల్లా సగటు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ లెక్కల పుస్తకంలో. అట్లాంటి చోట మేడమీది గదిలో, రెండు వందల లీటర్ల అద్దాల తొట్టిలో, వాడు పగడాలు పెంచుతున్నాడు. చనిపోయినవి కాదు, ఊపిరితో ఉన్నవే. బెంగళూరు కంపెనీకి ఇంట్లోనుంచే పనిచేస్తాడు, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, పెళ్ళి కాలేదు. ఖర్చుకు ఏదో ఒక దారి ఉండాలి కదా. దాన్ని నేను తప్పుపట్టను. మా కాలంలో అదే వయసువాళ్ళు పేకాటకు పోయేవారు.

నేను తప్పుపట్టేది సీసాలను.

తొట్టి పక్క అలమరలో పద్నాలుగు సీసాలున్నాయి. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక్కోదాని మీద ఊదారంగులో మెరిసిపోయే పగడం బొమ్మ, దాని కింద రంగు పెరుగుతుంది, ఆరోగ్యం పెరుగుతుంది అని హామీ. ఎరుపుకు అయోడిన్ సీసా, పచ్చకు ఇనుము సీసా, ఊదాకు పొటాషియం సీసా, అన్నింటికీ కలిపి అమైనో ఆమ్లాల సీసా. రోజూ ఉదయం వాడు డ్రాపరు పట్టుకుని చుక్కలు లెక్కపెట్టి వేస్తుంటే చంటిబిడ్డకు మందు పోసే తల్లి గుర్తొస్తుంది.

ఈ అలమరను ఎక్కడో చూశానే అనుకున్నాను. బజారులో మందులంగడి! శెనిక్కాయ ఆకు పసుపు తిరిగితే రైతు ఒక చెట్టు పెరుక్కొని అక్కడికే పోతాడు. అంగడాయన ఆకును ఒకసారి, రైతు జేబును రెండుసార్లు చూస్తాడు. "ఈ టానిక్కు కొట్టప్పా, వారంలో పైరు నల్లగా తిరుగుతుంది" అంటాడు. నిజానికి సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము చెట్టుకు అందకపోతేనే ఆకు అట్లా పసుపెక్కుతుంది. అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే సరిపోయే జబ్బు. కాకపోతే అన్నభేది గోనెసంచిలో వస్తుంది. దానికి బొమ్మ లేదు, హామీ లేదు, అంగడాయనకు మిగిలేదీ లేదు.

"ఏమిరా, ఇంత పోస్తున్నావు, ఇవన్నీ మట్టిరంగులోనే ఉన్నాయే?" అని అడిగాను.

"అదే మామా, బ్రౌన్ అయిపోతున్నాయి. అందుకే ఇంకో రెండు సీసాలు ఆర్డరు పెట్టినా."

ఇక్కడ కాస్త ఆగి పగడం సంసారం చెప్పాలి. పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. రాయిలా కనిపించేది అది కట్టుకున్న ఇల్లు. దాని ఒంట్లో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు అద్దెకుంటాయి. వెలుతురుతో వంట చేసి యజమానికి పెట్టేవి అవే. వాటి సొంత రంగు గోధుమ. నీళ్ళలో నైట్రేటూ ఫాస్ఫేటూ ఎక్కువైతే అద్దెవాళ్ళు పిల్లాజెల్లతో పెరిగి ఇల్లంతా నిండిపోతారు. అప్పుడు పగడం మట్టిముద్దలా కనిపిస్తుంది. నీళ్ళు వేడెక్కితే జరిగేది దీనికి తిరగేసి: యజమాని అద్దెవాళ్ళను బయటికి గెంటేస్తాడు, గోడలు తెల్లబడతాయి, పొయ్యి వెలగక తానూ పస్తుతో పోతాడు. సముద్రాల్లో ప్రపంచమంతటా ఇట్లా తెల్లబడటం 1998లో చూశారు, 2010లో, ఆ తర్వాత 2014 నుంచి 2017 దాకా చూశారు. 2024 ఏప్రిల్‌లో నాలుగోసారని ప్రకటించారు.

ఇప్పుడు మావాడి తొట్టికి వద్దాం. అమైనో ఆమ్లం అంటే అందులో నత్రజని ఉంటుంది. అది చివరికి కుళ్ళి నైట్రేటు అవుతుంది. అంటే రంగు కోసం పోసిన చుక్క మట్టిరంగు అద్దెవాళ్ళకు పాయసం. మట్టిరంగు పెరిగేకొద్దీ ఇంకో సీసా. ఈ బేరంలో నష్టపోయేది పగడమూ మా అక్క కొడుకూ మాత్రమే.

మరి మెరిసే పచ్చా, ఎరుపూ ఎక్కడివి? అవి పగడం ఒంట్లో తానే తయారు చేసుకునే ప్రొటీన్లు. నీలికాంతి తగిలితే అవి పచ్చగానో ఎర్రగానో వెలుగుతాయి. ఈ జాతి ప్రొటీన్లలో మొదటిదాన్ని జెల్లీఫిష్‌లో కనిపెట్టిన షిమొమురా మరో ఇద్దరితో కలిసి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. పగడాల కుటుంబంలో ఎరుపు ప్రొటీన్‌ను 1999లో బయటపెట్టింది రష్యావాళ్ళు. జీవి దొరికింది ఏ సముద్రంలోనో కాదు, మాస్కోలో ఒక అక్వేరియంలో! సముద్రం లేని ఊళ్ళో తొట్టి పెట్టడం నవ్వులపాటు పని కాదని మావాడి తరఫున ఈ ఒక్క సాక్ష్యం నేనే చెబుతున్నాను. అయితే ఆ మాస్కో తొట్టి విజ్ఞానానికి ప్రొటీన్‌ను ఇచ్చింది. గుత్తి తొట్టి ఇప్పటిదాకా ఖాళీ సీసాలను ఇస్తోంది.

నీలికాంతి అన్నాను కదా, అసలు వ్యాపారమంతా అక్కడే. మావాడి తొట్టి మీద ఎల్‌ఈడీ లైటు సాయంత్రం అయ్యేసరికి చిక్కటి నీలంలోకి తిరుగుతుంది. చూస్తే నిజంగానే జాతరే: పచ్చలు, కెంపులు, గోమేధికాలు. అమ్మేవాళ్ళు ఫొటో తీసేది ఆ నీలంలోనే. ఆ ఫొటోకు పేరు పెడతారు, పేరుకు ధర పెడతారు. అమెరికాలో ఒక పగడానికి "వాల్ట్ డిస్నీ" అని పేరు. ఇంకోదాని పేరు "హోమ్‌రెకర్", అంటే కొంపలు కూల్చేది. వేలెడంత ముక్క ధర చూశాక, పేర్లు పెట్టేవాళ్ళలో ఒక్కడైనా నిజాయితీపరుడు ఉన్నాడని ఒప్పుకున్నాను.

మా అక్క ధర్మవరం చీర కొనేటప్పుడు అంగడివాడి ట్యూబులైట్లను నమ్మదు. చీర చేతికి తీసుకుని గడప దాటి ఎండలో నిలబడి అంచు చూస్తుంది, కడుపు చూస్తుంది, అప్పుడు బేరం మొదలుపెడుతుంది. ఆమె కడుపున పుట్టినవాడు నీలి లైటు ఫొటో చూసి డబ్బు పంపాడు. ఒకరోజు నేను అడిగి తెల్ల లైటు వేయించాను. గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మా అవ్వే అంది, "ఇందాకటివి యాడికి పోయిన్యాయి నాయనా?"

నీళ్ళ సంగతి చెబితే ఇంకా బాగుంటుంది. పగడాల తొట్టికి బోరు నీళ్ళు పనికిరావు. ముందు ఆర్వో యంత్రంలో వడగట్టాలి. ఒక బకెట్టు మంచినీళ్ళకు మూడు బకెట్లు పక్కకు పోతాయి. ఆ ఒక్క బకెట్టులో లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లెక్కన దిగుమతి ఉప్పు కలిపితే సముద్రం. ఎండాకాలం మా గదిగాలికి తొట్టిలోంచి రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరైపోతాయి. నీళ్ళను 26 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి చిల్లరు, చిల్లరు వదిలే వేడికి గదికి ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టరు. బయట 42 డిగ్రీల్లో మా బావ వేపచెట్టు కింద తుండుగుడ్డతో విసురుకుంటుంటాడు.

ఈ ఊరి కోట కూడా ఒకప్పుడు నీళ్ళకే ఓడింది. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు మురారి రావు ఘోర్పడే సైన్యానికి ఫిరంగుల కంటే దాహమే ఎక్కువ శత్రువైంది. సంధి మాట్లాడటానికి హైదర్ శిబిరానికి పోయిన ఒక కుర్రవాడు, కోటలో మూడు రోజుల నీళ్ళే మిగిలాయని నోరు జారాడనీ, హైదర్ సంధి మాట మరిచి మళ్ళీ ముట్టడికి కూర్చున్నాడనీ చెబుతారు. కొండ మీది బావుల గురించి గొప్పలు చెప్పుకునే ఊరు మాది!

ఇంతదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, అలమరలోని పదో సీసా ఒక ఎత్తు. జర్మనీ నుంచి వచ్చింది. నీలం పగడాలకు నీలం పెంచుతుందని దాని ఖ్యాతి. అట్ట మీద సన్నటి అక్షరాల్లో ఏముందో చదవమన్నాను.

"ఫ్లోరైడు, మామా."

ఫ్లోరైడు! అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి! బోరు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టిన పిల్లలు, నడుం వంగిన ముసలివాళ్ళు ఏ ఊళ్ళో లేరు? ఈ నీళ్ళను తప్పించడానికే కదా 1990ల్లో సత్యసాయి మంచినీళ్ళ పథకం పైపులు వందల ఊళ్ళకు వేసింది! తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సహించవచ్చని మన ప్రమాణం. సముద్రపు నీళ్ళలో సహజంగా ఉండేది సుమారు 1.3. అంటే మావాడు చేస్తున్నది ఇది: కింద బోరులో పైసా ఖర్చు లేకుండా వస్తున్న ఫ్లోరైడును ఆర్వో పెట్టి, కరెంటు కాల్చి, మూడు బకెట్లు పారబోసి తీసేస్తున్నాడు. తీసేసిన దాన్నే జర్మనీ నుంచి సీసాలో తెప్పించి, చుక్కలు లెక్కపెట్టి మళ్ళీ కలుపుతున్నాడు. ఫ్లోరైడు ఎగుమతి చేసే అవకాశం మన జిల్లాకు ఉందని ఇన్నాళ్ళూ ఏ ప్రభుత్వానికీ తట్టలేదు.

"పనిచేస్తుందా మరి?" అన్నాను. చేసిందట. నీలం పెరిగిందట. ఆ వారమే లైటు కూడా మార్చాడట, చేపల మేత తగ్గించాడట, నీళ్ళు సగం మార్చాడట. నాలుగు పనులు ఒకేసారి చేసి పేరు సీసాకు కట్టబెట్టాడు. వాన పడిన రోజున పూజ చేయించినవాడికీ, కప్పలకు పెళ్ళి చేసినవాడికీ ఇదే తర్కం.

ఒక్క డబ్బా మాత్రం నన్ను ఆకట్టుకుంది. దాని మీద "కాల్క్‌వాసర్" అని రాసి ఉంది. పగడం ఇల్లు కట్టుకోవడానికి కాల్షియమూ, నీళ్ళలో క్షారగుణమూ తగ్గకుండా చూసే మందు. పొడిని నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పై తేట మాత్రం రాత్రిపూట చుక్కచుక్కగా వదలాలి. అవ్వ మూత తీసి వాసన చూసి, "ఇది సున్నం కదరా" అంది. సున్నమే. ఆ జర్మన్ మాటకు అర్థమే సున్నపు నీళ్ళు. తమలపాకు డబ్బీలోంచి డెబ్భై ఏళ్ళుగా తీసి రాసుకుంటున్న మనిషికి దాన్ని విదేశీ సరుకని చెప్పబోయాడు పాపం. పద్నాలుగింటిలో పగడానికి కచ్చితంగా కావలసింది ఇదే, అన్నిటికంటే చవకా ఇదే. శుద్ధమైనదై ఉండాలి, అంతవరకు నిజం. పూతసున్నం తెచ్చి పోయకండి.

సున్నానికి మాకు కొరత లేదు. తాడిపత్రి వైపు పోతే కాలి కింది బండలన్నీ ఒకనాటి సముద్రపు అడుగు. బెలుం గుహలు ఆ సున్నపురాయిలో తొలిచినవే. ఇంకా పాతవి వేంపల్లి రాళ్ళు. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన దిబ్బల గుర్తులు వాటిలో ఉన్నాయి. అప్పటికి పగడం పుట్టనే లేదు. ఏ సీసా లేకుండానే కట్టాయి అవి.

అవ్వ వేలికి కూడా పగడం ఉంది, కుజుడి కోసం. అది వేరే జాతి. మధ్యధరా సముద్రపు ఎర్ర పగడానికి రంగు ఎముకలోనే ఉంటుంది కాబట్టి చచ్చినా పోదు. 1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ గణపతిదేవుడు సుంకం విధించిన సరుకుల్లో పగడాలూ ఉన్నాయి. రేవులో దిగినప్పుడు వాటినీ పగటి వెలుతురులోనే చూసి ఉంటారు.

తొట్టి పగడాలకు కావలసింది నిలకడ. ఉప్పు ఇవాళ ఎంతో రేపూ అంతే, వేడి అంతే, క్షారం అంతే. మేత తగ్గించు, సున్నపు తేట వదులు, నీళ్ళు మార్చు, మూడు నెలలు చేతులు కట్టుకుని కూర్చో. అమ్మేవాడికి ఇందులో సీసా లేదు. అందుకే ఎవరూ గట్టిగా చెప్పరు. మావాడు ప్రస్తుతానికి అయిదు వారాలు కూర్చున్నాడు. ఒక ముక్క చివర తెల్ల లైటులో కూడా ఆకుపచ్చ కనిపిస్తోందని నిన్న ఫోను చేశాడు. ఫొటో పంపద్దు, వచ్చి చూస్తానన్నాను.

ఈ పిచ్చి పట్టిన ఇతర ఊళ్ళ పిల్లలకు నా మనవి మూడే మాటలు. కొనేముందు తెల్ల లైటు వేయమనండి. తర్వాత కాగితాలు అడగండి. మన సముద్రాల రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో, పులి సరసన ఉన్నాయి. విదేశాలవైతే అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతి పత్రం ఉండాలి. మావాణ్ణి అడిగితే "ఉన్నాయని అంగడాయన చెప్పినాడు మామా" అన్నాడు. అది కాగితం కాదు. ఇక ఆర్వో పక్కకు నెట్టే మూడు బకెట్లు మురికికాలువలోకి వదలకండి. మా ఇంట్లో అవ్వ వాటితోనే వాకిలి కడుగుతోంది.