ముక్కు రంగు కోసం

నేను చోడవరంలో ఒక ఫొటో స్టూడియో కెమెరాని. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి దగ్గర అక్షరాభ్యాసాలు, గోవాడ ఫ్యాక్టరీకి వరసకట్టిన చెరకు ట్రాక్టర్లు. వీటిలో దేన్ని తీసినా నా ముందు కాస్త ఆగినదే. ఆగనివాటిని పట్టుకోవడం సముద్రం మీదే నేర్చుకున్నాను.

2022లో మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ సముద్రమంటే మాకు ఇప్పటికీ విశాఖే. జూన్ 14తో వేట నిషేధం ముగిశాక మా యజమాని నన్ను మెడలో వేసుకుని, ఫిషింగ్ హార్బర్లో తెలిసిన సరంగు మరబోటు ఎక్కుతాడు. దక్షిణార్ధగోళంలో అప్పుడు చలికాలం. అక్కడ గూళ్లు పెట్టే షేర్‌వాటర్లు, పెట్రెల్‌లు అనే సముద్రపు పక్షులు కొన్ని మనవైపు వస్తాయి. వాటి కోసమే ఈ ప్రయాణం. గుడ్డు పెట్టి పిల్లను సాకడానికి తప్ప అవి నేల తొక్కవు. ఆ గుడ్డూ ఏడాదికి ఒక్కటే. తాగేది ఉప్పునీరే. కళ్ల పైనుండే గ్రంథులు ఆ ఉప్పును వేరుచేస్తే, ముక్కు మీది గొట్టాల్లోంచి చుక్కలుగా కారిపోతుంది. విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ బరువు సుమారు 40 గ్రాములు. అంత చిన్న ప్రాణి అంటార్కిటికా నుంచి హిందూ మహాసముద్రం దాటి వస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బోటు మీద ట్రైపాడ్ పనికిరాదు. అలల ఊపును మా యజమాని మోకాళ్లతో కాచుకోవాలి. షట్టర్ సెకనులో 2000వ వంతు పెట్టినా, ఫోకస్ పిట్టను వదిలి కెరటాన్ని పట్టుకుంటుంది. లెన్స్ మీద పడిన తుంపర ఆరితే ఉప్పు; పొడిగుడ్డతో రుద్దితే గీతలు. ముందు తడిగుడ్డే వాడాలి.

"అదుగో బాబూ, నీటినానుకుని ఎల్తంది!" అన్నాడు సరంగు ఒకసారి.

ముదురు గోధుమరంగు షేర్‌వాటర్. రెక్కలు ఆడించకుండా కెరటాల మధ్య పల్లంలోకి జారి, అవతల తేలింది. ఆ రంగులో కనీసం రెండు రకాలున్నాయి. ఫ్లెష్-ఫుటెడ్‌కి లేత గులాబీ ముక్కు, కొస నలుపు. వెడ్జ్-టెయిల్డ్‌కి బూడిదరంగు ముక్కు, పొడుగు తోక. దూరం నుంచి రెండూ ఒకటే. వరసగా కొట్టిన ఫ్రేముల్లో చాలావాటిలో నీళ్లే ఉన్నాయి. ఒక్కదానిలో ముక్కు దొరికింది: బూడిదరంగు.

ఆ ఫొటో మసక. పెళ్లి ఆల్బంలో అయితే తీసేస్తారు. నాకు మాత్రం నేను తీసినవాటిలో అదే గొప్పది. తేదీ, సమయం, చోటుతో సహా అది, పక్షులు చూసినవాళ్లు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చేరింది. మన తీరానికి ఎదురుగా ఇంత దూరం వెళ్లి పిట్టలు చూసేవాళ్లు తక్కువ. అలాంటిచోట "చూశాను" అనే మాటకంటే ఒక మసక ఫొటో ఎక్కువ నిలబడుతుంది.

తుపాను గాలికి ఈ సముద్రపు పక్షులు ఊళ్ల మీదికీ కొట్టుకొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను గుడ్డలో చుట్టి బీరువాలో ఉన్నాను. బయట ఏం పడిందో చూసినవాళ్లు లేరు. ఇప్పుడు గాలి తగ్గగానే మేం చెరువు గట్లన్నీ తిరుగుతాం. పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన రైతుకైనా మా యజమాని చెప్పే మాట ఒకటే: "తుపాను తర్వాత పొలంలో ముక్కు మీద గొట్టాలున్న పిట్ట కనబడితే, కుక్కలు దగ్గరికి రాకుండా చూసి నాకో ఫోను కొట్టు బావా."