ఖాళీ ప్లేటు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘ఒక ప్లేటు ఇద్దరు తినరాదు. ఖాళీ ప్లేటు ఇవ్వబడదు. ఇట్లు, యాజమాన్యం.’

అవతారిక: మార్కాపురంలో ఒకానొక హోటలు గోడ మీద, గల్లాపెట్టెకు పైన, దేవుడి పటానికి కింద, ఎర్రరంగులో వెలసిన సూత్రమిది. ఆధారం లేని మాట రాయననీ, అక్కర్లేని మాట అననే అనననీ టీకాకారుడు మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగానికి మాత్రమే మేం కట్టుబడతాం.

ప్రతిపదార్థం: ఆకలైనవాడికి తనంత తానే బోధపడుతుంది గనక వదిలేశాం.

వ్యాకరణం: ‘ఇవ్వబడదు’ కర్మణి ప్రయోగం. కర్త కనబడడు. సర్వరును అడిగితే ఓనరును చూపిస్తాడు, ఓనరు బోర్డును చూపిస్తాడు. బోర్డుకు పైన ఉన్నది దేవుడే.

పూర్వపక్షం: ‘నలుగురొచ్చి ఒక దోశ చెబితే బేరమెలా సాగుతుంది? ప్లేటు కడగడానికి నీళ్లేవి?’ వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూసి, ట్యాంకరు వెనక బిందెలు పట్టుకు పరుగెత్తిన సీమలో ఈ రెండో మాటను కొట్టిపారేయలేం. అయితే విస్తరాకు ముక్కకు నీళ్లక్కర్లేదు కదా!

విశేషాంశం: క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయడిదా, శ్రీనాథుడిదా అన్న తగువు పండితులది. మా చూపు మాత్రం అందులోని ఓరుగల్లు పూటకూళ్లింటి మీదే. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, గడ్డపెరుగు. నంజుకోవడానికి నాలుగో అయిదో. ఆ లెక్కను కవి తేల్చకపోవడంలోనే ఉంది మజా. వడ్డించే చెయ్యి లెక్కపెట్టలేదు, తినేవాడికి గుర్తులేదు. ఆ పంచదార గోధుమవంట మీదికా, పెరుగులోకా? నెయ్యి పప్పులో పడ్డాక అరటిపండు ముందా వెనకా? దీనిమీద వేరే గ్రంథమే రాయాలి. పూటకూళ్లంటే చిన్నచూపు తగదు. ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి సుబ్బమ్మగారు చదివించిన కొడుకే టంగుటూరి ప్రకాశం. మార్కాపురం, గిద్దలూరు 1970లో కర్నూలు నుంచి వచ్చి చేరిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు.

ఎక్కడున్నాం? ఖాళీ ప్లేటు దగ్గర.

దేశాంతర పాఠం: జపానులో ఇజకాయ అని చవక తాగుడు హోటళ్లున్నాయి. చిన్న చిన్న వంటకాలు బల్ల మధ్య పెట్టి, మనిషికో చిన్న ఖాళీ ప్లేటిస్తారు. అడగకుండానే ఓ చిరుతిండి తెచ్చిపెట్టి బిల్లులో వేసే చమత్కారమూ అక్కడుంది, సరే. ఆ పంచుకునే పద్ధతి హైదరాబాదుకు వచ్చేసరికి మెనూలో ‘పంచుకొని తినండి’ అన్న ఉపదేశమైంది. అయిదుగురికి నాలుగు ముక్కలు, అవీ నల్లటి పలకరాయి మీద. మార్కాపురంవాడికి ఆ రాయి కొత్తా? దేశంలో ఎందరు పిల్లలు మా పలకల మీద అఆలు దిద్దారో! బడి వదిలిన రాయి ఇప్పుడు వేపుడు ముక్కలు మోస్తోంది.

సందర్భం: గిద్దలూరు బస్సు కోసం ఆగిన ఒక అవ్వ, మనవడికీ తనకీ కలిపి ఒక ప్లేటు ఇడ్లీ చెప్పింది. ‘ఇంకో ప్లేటియ్యి నాయనా’ అంది. సర్వరు పలక్కుండా గోడకేసి వేలు చూపాడు. ఆమెకు చదువు రాదు. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, మూత కొంగుతో తుడిచి, అందులో ఒక ఇడ్లీ పెట్టి, చట్నీ అంచు దాటకుండా వేలు అడ్డం పెట్టింది. పిల్లాడు తిన్నాక మిగిలిన ముక్క తను తింది. దీనికి టీక అక్కర్లేదు. సిగ్గు కావాలి.

తాత్పర్యం: పంచుకోమని వెయ్యి రూపాయలు తీసుకునేచోట అది నాగరికత. ముప్ఫై రూపాయల దగ్గర అదే నేరం.

పాఠాంతరం: సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఈ సూత్రానికి ఇంకో పాఠం వినబడుతుంది: ‘ఇంకో ప్లేటు కావాలా అన్నా?’ ఇది ఏ గోడ మీదా లేదు, నోటి సంప్రదాయం. శుద్ధపాఠం ఇదేననీ, గోడ మీదిది లేఖక దోషమనీ మా నిర్ణయం.