హ్యాండ్‌బ్రేక్‌కి నీలం దీపం

మా మావయ్య అంబాసిడర్‌కి ఇంజన్ గుడివాడలో పడింది, దీపాలు బందరులో పడ్డాయి, మొండితనం మాత్రం దివిసీమది. పాత పెట్రోలు ఇంజన్ పీకేసి గుడివాడ షెడ్డులో మేటడార్ డీజిల్ ఇంజన్ దింపించాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఎక్కించుకున్నాడు కూడా. ఇంజన్ మారిన కబురు డ్యాష్‌బోర్డుకే ఇంకా అందలేదు. రేడియేటర్ పొగలు కక్కుతున్నా వేడి చూపించే ముల్లు "అంతా చల్లగానే ఉందండీ" అన్నట్టు పడుకునే ఉండేది. హెచ్చరిక బల్బులైతే ఉప్పుగాలికి హోల్డర్లలోనే చిలుంపట్టి పోయాయి.

అన్నీ పీకి ఎల్‌ఈడీలు పెట్టేస్తానన్నాడు బందరు ఎలక్ట్రీషియన్. రోల్డ్‌గోల్డ్ ఊళ్ళో ఏ వస్తువూ ఉత్తినే ఉండదు, మెరిసి తీరాలి. ఒక్కో ఎల్‌ఈడీ చుట్టూ పోగులాంటి బంగారు రంగు రింగు బిగించి, అన్నిటికీ ఒకటే రంగు వేశాడు, నీలం. "ఎరుపు పాత ఫ్యాషనండీ" అన్నాడట.

2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. నీలి ఎల్‌ఈడీకి అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. ఎరుపూ ఆకుపచ్చా ఎప్పుడో వచ్చేసినా నీలం ఒక పట్టాన లొంగక వాళ్ళను ఏళ్ళ తరబడి ఏడిపించింది. అంత కష్టమూ చివరికి మా మావయ్య హ్యాండ్‌బ్రేక్ కోసమని పాపం వాళ్ళకేం తెలుసు? కార్లలో నీలమంటే మామూలుగా హైబీమ్. ఎరుపంటే బండి ఆపమని. మావయ్య కారులో ఆయిల్ అయిపోయినా, హైబీమ్ వేసినా ఒకటే నీలి వెలుగు, గుళ్ళో ఉత్సవంలా.

అసలు కథ ఛార్జింగ్ దీపంతో మొదలైంది. వానాకాలం రాత్రి పులిగడ్డ వంతెన మీదుగా రేపల్లె వెళ్ళి వస్తుంటే హెడ్‌లైట్లు మెల్లగా పసుపు తిరిగి, హారన్ గొంతు పోయి, బ్యాటరీ చచ్చింది. డైనమో (మా వాళ్ళకి ఆల్టర్నేటర్ ఇప్పటికీ డైనమోనే) కొత్తది, బెల్టు బిగుతుగానే ఉంది. తీరా చూస్తే తప్పంతా తీసిపారేసిన చిన్న బల్బుది. మూడు వాట్ల ఆ బల్బు ఊరికే వెలిగి గొణిగేది కాదు. కీ తిప్పగానే తన గుండా పావు ఆంపియర్ కరెంటు పంపి డైనమోని నిద్రలేపేది. ఇంట్లో సణుగుతూనే పనంతా చేసిపెట్టే ముసలావిడని సాగనంపాక గానీ పొయ్యి ఎవరు వెలిగించేవారో తెలియదు కదా! ఎల్‌ఈడీ గుండా పోయేది 20 మిల్లీ ఆంపియర్లు. ఆ మాత్రానికి డైనమో కన్ను తెరవలేదు. ఎల్‌ఈడీకి పక్కనే 47 ఓమ్‌ల, ఐదు వాట్ల రెసిస్టెన్స్ కలిపితే ఛార్జింగ్ మొదలైంది. తెల్లటి పింగాణీ పలక, చెక్కెర బిళ్ళంత ఉంటుంది, పది రూపాయల సరుకు.

ఆయిల్ దీపం గొడవ వేరు. ముసురు పట్టిందంటే చాలు, ఇంజన్ బాగానే నడుస్తున్నా అది మిణుకుమిణుకుమనేది. సెన్సార్ కనెక్షన్ మీద చేరిన ఉప్పు తేమ గుండా ఒక్క మిల్లీ ఆంపియర్ ఎర్త్‌లోకి జారుతుంటుంది. బల్బుకి అది లెక్కే కాదు గానీ ఎల్‌ఈడీకి అదే విందు. దానికీ పక్కన వెయ్యి ఓమ్‌లది కలిపితే ఆ దొంగ వెలుగు ఆరింది. ఈ సంగతి బందరు, నాగాయలంక, కోడూరు బళ్ళకి పనికొస్తుంది. ఉప్పుగాలి లేని హైదరాబాదు వాళ్ళు ధైర్యంగా వదిలేయొచ్చు.

రంగులు మాత్రం మార్చడానికి మావయ్య ఒప్పుకోలేదు. మొన్న చల్లపల్లి దాటాక అత్తయ్య అడిగింది:

"ఏవండీ, ఆ మధ్యలోది ఎందుకు వెలుగుతోంది?"

"హైబీమ్."

"పగలు హైబీమ్ ఏవిటండీ?"

మావయ్య జవాబు చెప్పలేదు. మోపిదేవి చేరేసరికి వెనక చక్రాల దగ్గర కాలిన వాసన. హ్యాండ్‌బ్రేక్ దింపుతూ, "ఎంత బాగా వెలుగుతోందో చూశావా" అన్నాడు.