అందరూ విధిగా హాజరు కావలెను

విశ్వవిద్యాలయ ఉద్యోగికి క్యాంపస్ వార్తలు రెండు దారుల్లో అందుతాయి. మొదటిది రిజిస్ట్రార్ ఆఫీసు సర్క్యులర్. అటెండర్ దాన్ని ఫైల్లో పెట్టుకుని గది గదికీ తిప్పుతాడు. ఎవరి పేరు పక్కన వాళ్లు పొట్టి సంతకం గీకి పంపేస్తారు. ఈ మధ్య అదే కాగితం ఫొటోగా వాట్సాప్ గ్రూపులో పడుతోంది, దాని కింద బొటనవేళ్లు వరసగా లేస్తున్నాయి. రెండో దారి క్యాంటీన్. సర్క్యులర్ వల్ల రాబోయే కార్యక్రమాలు తెలుస్తాయి. మిగతావన్నీ క్యాంటీన్‌లోనే తెలుస్తాయి: జీతం ఎప్పుడు పడుతుంది, కాంట్రాక్టు ఎవరికి పొడిగించారు, పాలకమండలి ఏం తేల్చింది, కొత్త వీసీ ఎవరు. సర్క్యులర్‌కు నంబరు, తేదీ, ముద్ర ఉంటాయి. క్యాంటీన్ వార్తకు అవేవీ ఉండవు. అయినా ఉద్యోగి నమ్మేది రెండోదాన్నే.

ఈ ఏర్పాటు బాగా సాగడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చోటుకు కొదవ లేదు. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైన ప్రాంగణం 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం అయింది. విజయనగరంలో 2007లో పెట్టిన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2022లో గురజాడ పేరుతో సొంత విశ్వవిద్యాలయంగా మారింది. 2014 విభజన చట్టంలో మాట ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరం దగ్గర కొండకరకంలో తాత్కాలిక ప్రాంగణంలో మొదలైంది. దాని సొంత భవనాలకు 2023 ఆగస్టు 25న మెంటాడ మండలం చినమేడపల్లిలో శంకుస్థాపన జరిగింది. చట్టంలో రాసిన దానికీ శంకుస్థాపన రాయికీ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. క్యాలెండర్‌లో రాసిన దినోత్సవాలు మాత్రం ఎక్కడా ఒక్క రోజు కూడా ఆలస్యం కావు. ఈ క్రమశిక్షణ ఏ ఒక్క ప్రాంగణం సొత్తూ కాదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ విశ్వవిద్యాలయంలో చూసినా ఇదే తీరు.

రాబోయే కార్యక్రమాల జాబితాను విశ్వవిద్యాలయం తానుగా తయారు చేసుకునేది తక్కువ, పైనుంచి దిగేది ఎక్కువ. జనవరి 25 ఓటర్ల దినం. ఫిబ్రవరి 21 మాతృభాషా దినం, 28 సైన్సు దినం. జూన్ 5 పర్యావరణం, జూన్ 21 యోగా. ఆగస్టులో ఇంటింటా జెండా. సెప్టెంబరు 5 ఉపాధ్యాయులు, 15 ఇంజినీర్లు, 24 ఎన్ఎస్ఎస్. అక్టోబరు 31 ఐక్యత. నవంబరు 11 విద్య, 15 గిరిజన గౌరవం, 26 రాజ్యాంగం. డిసెంబరు 22 గణితం. వీటి మధ్య ఖాళీలు మిగిలిపోకుండా పరిశుభ్రతా పక్షోత్సవం, విజిలెన్స్ వారోత్సవం లాంటివి పూరిస్తాయి. ఐక్యరాజ్యసమితి యోగాకు ఇచ్చింది ఒక్క రోజు. 2025లో మన రాష్ట్రం దాన్ని మే 21 నుంచి నెల రోజులు లాగి యోగాంధ్ర చేసింది.

ఈ దినాల్లో దేనినీ తప్పుపట్టడానికి లేదు. రాజ్యాంగం మీదా చెట్ల మీదా ఎవరికీ పగ ఉండదు. తంటా అంతా పైనుంచి ఉత్తరం దిగే పద్ధతితోనే. 2018 సెప్టెంబరులో ‘సర్జికల్ స్ట్రైక్ దినం’ జరపమని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. దుమారం రేగాక, అది తప్పనిసరేమీ కాదని కేంద్ర మంత్రే చెప్పుకోవలసి వచ్చింది. 2023 డిసెంబరులో ప్రధాని బొమ్మతో సెల్ఫీ పాయింట్లు పెట్టమంటూ ఇంకో లేఖ వచ్చింది. ఢిల్లీలో బయలుదేరినప్పుడు సలహాగా ఉన్నది రిజిస్ట్రార్ బల్ల మీదికొచ్చేసరికి ఆదేశం అవుతుంది. విభాగాధిపతి దగ్గరికి చేరేసరికి హాజరు పట్టీ అవుతుంది. జూనియర్ అసిస్టెంటు వరకూ దిగేసరికి సంజాయిషీ అడిగే మెమోగా తేలుతుంది.

జాబితా ఇంత పొడుగు కావడానికి ఇంకో కారణం న్యాక్. 1994లో పుట్టిన ఈ సంస్థ విశ్వవిద్యాలయాన్ని ఏడు ప్రమాణాల మీద తూచి గ్రేడు ఇస్తూ వచ్చింది. ఏడో ప్రమాణంలో సంస్థాగత విలువలు, మంచి పద్ధతులు ఉంటాయి. జాతీయ, అంతర్జాతీయ దినాలూ ఉత్సవాలూ జరుపుతున్నారా అన్న ప్రశ్న కూడా అందులో చోటు చేసుకుంది. జరిపామంటే సరిపోదు, రుజువు కావాలి. రుజువంటే అక్షాంశ రేఖాంశాలు ముద్రపడ్డ ఫొటో. దాంతో విలువలు ఫోన్ కెమెరాలోకి వచ్చి చేరాయి. మొక్క నాటారనడానికి ఫొటో చాలు. మర్నాటి నుంచి ఆ మొక్కకు నీళ్లు పోశారా అని ఏ ప్రమాణమూ అడగదు. అందుకే ఏటా జూన్ 5న మొక్కలు నాటడానికి క్యాంపస్‌లో చోటు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది.

అధ్యాపకుడి పదోన్నతి ఇంకో కారణం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పత్ర సమర్పణకో ఆహ్వాన ప్రసంగానికో పాయింట్లున్నాయి: విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 7, స్వదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, జాతీయ సదస్సుకు 3, రాష్ట్ర లేదా విశ్వవిద్యాలయ స్థాయికి 2. ఈ పట్టిక చదివిన ఏ ఆర్గనైజింగ్ సెక్రటరీ అయినా తన సదస్సుకు ‘విశ్వవిద్యాలయ స్థాయి’ అని పేరు పెట్టి ఇరుగుపొరుగు చేత తిట్టించుకుంటాడా? సింగపూర్‌లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థి ఒకరు జూమ్‌లో పది నిమిషాలు కనబడి ‘వినబడుతోందా’ అని అడిగితే చాలు, సదస్సు అంతర్జాతీయమవుతుంది. ఎచ్చెర్ల హైవే పక్కన కూర్చున్న శ్రోతలకు తాము దేశాల హద్దులు దాటిన సంగతి సర్టిఫికెట్ చేతికొచ్చాక గాని తెలియదు.

కార్యక్రమం నడిచే వరస ఎక్కడైనా ఒకటే. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవాన్నే తీసుకోవచ్చు. శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో 1863లో అదే రోజున గిడుగు రామమూర్తి పుట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని, గ్రాంథికం పిల్లల నెత్తిన రుద్దొద్దని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన్ను తలచుకోవడానికి ముందు రోజు సాయంత్రం నాలుగున్నరకు ఇంగ్లీషులో సర్క్యులర్ వస్తుంది. ఉదయం పది గంటలకు సెమినార్ హాల్లో సభ. తొమ్మిదింటికే ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్లిద్దరు నిచ్చెనేసుకుని ఫ్లెక్సీ కడుతుంటారు. నిరుటి ఫ్లెక్సీయే, ఏడాది అంకె మీద మాత్రం తెల్ల కాగితం అంటించి ఉంటుంది. పదిన్నర దాటినా ముందు రెండు వరసలు ఖాళీ, కాబట్టి హాస్టల్‌కు కబురు వెళ్తుంది. పదకొండుంపావుకు ముఖ్య అతిథి వస్తారు. జ్యోతి ప్రజ్వలనకు ఫ్యాను ఆపుతారు, అగ్గిపుల్లలు అయిపోతాయి, ఎవరో లైటర్ తీస్తారు. ఆగస్టు ఉక్కలో ఆ ఆపిన ఫ్యాను మళ్లీ వేయాలని ఎవరికీ తోచదు. వేదిక మీద పదకొండు మంది, శాలువాలు పన్నెండు. మిగిలిన ఒక్కటీ ఎవరికి కప్పాలన్న చర్చకు పట్టినంత సేపు గిడుగు ఊసుకు పట్టదు. వక్తలు గ్రాంథికంలో వాడుక భాషను పొగుడుతారు. వందన సమర్పణ వేళకు హాల్లో మిగిలేది వందనాలు అందుకోవలసిన వాళ్లే.

పత్రికలకు పంపే ప్రెస్ నోట్ మాత్రం ఉదయం తొమ్మిదిన్నరకే తయారవుతుంది. అందులో సభ అప్పటికే ‘ఘనంగా జరిగింది’, సిబ్బంది ‘పెద్ద ఎత్తున పాల్గొన్నారు’, వీసీ గారు ‘పిలుపునిచ్చారు’. వాన పడినా, మైకు మొరాయించినా, ముఖ్య అతిథి రాకపోయినా ఈ నోట్‌లో కామా కూడా కదలదు. జిల్లా పేజీలో మూడు అంగుళాల వార్త వస్తుంది. దాన్ని కత్తిరించి ఫైలుకు గుచ్చుతారు. న్యాక్ బృందం వచ్చినప్పుడు తెరవాలి కదా.

హాజరయ్యే ఉద్యోగుల్లో మళ్లీ అంతరాలున్నాయి. ప్రొఫెసర్లది ముందు వరస, వాళ్లు రాకపోయినా కుర్చీ ఉంటుంది. రెగ్యులర్ బోధనేతర సిబ్బంది మధ్య వరసల్లో కూర్చుని గ్రూపు ఫొటో అయ్యాక సీట్లకు పోతారు. గెస్ట్ ఫ్యాకల్టీది ఇరకాటం: వస్తే క్లాసు పోయి గంట లెక్కన వచ్చే డబ్బు పోతుంది, రాకపోతే వచ్చే ఏడాది పిలుపు పోతుంది. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి కుర్చీ ఉండదు, కుర్చీలు మోసే పని ఉంటుంది. సభ సాయంత్రం పెడితే ఇంకో తంటా. విశాఖ నుంచి రోజూ వచ్చిపోయే వాళ్ల చెవి వక్త మీద, కన్ను గడియారం మీద ఉంటాయి. రైలు టైము దగ్గర పడేకొద్దీ వెనక తలుపు దగ్గర సాహిత్యాభిమానం పలచబడుతుంది.

విధిగా హాజరు కావాలని చెబితే తప్ప జనం రారన్నది నిర్వాహకుల గట్టి నమ్మకం. ఈ నమ్మకానికి విజయనగరంలోనే ఏటా గండి పడుతోంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కదులుతుంది. దాన్ని చూడడానికి లక్షల మంది ముందు రోజు తొలేళ్ల నాటి నుంచే ఊళ్లోకి దిగుతారు. సర్క్యులర్ లేదు, హాజరు పట్టీ లేదు, పార్టిసిపేషన్ సర్టిఫికెట్ అసలే లేదు. అదే ఊళ్లో 1919లో పుట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆయన హరికథ వినడానికి జనాన్ని హాస్టల్ నుంచి తోలుకురావలసిన అవసరం పడలేదు. విషయం ఉంటే జనం వస్తారు. విషయం లేని చోట మెమో వస్తుంది.

ఈ సభల తరఫున వాదించే వాళ్లు లేకపోలేదు. క్యాంపస్ కళకళలాడుతుందని, ఉద్యోగుల్లో మనమంతా ఒక కుటుంబమన్న భావం పెరుగుతుందని వాళ్లంటారు. కుటుంబమైతే ఇంట్లో డబ్బు ఎంతుందో, ఎవరిని ఇంట్లో ఉంచుకుంటున్నారో, ఎవరిని పంపేస్తున్నారో నలుగురికీ చెబుతారు. క్యాంటీన్‌లో వినబడేది వేరు.

‘‘ఏటి మాస్టారూ, ఈ నెల జీతాలెప్పుడట?’’

‘‘ప్రభుత్వం నుంచి బ్లాక్ గ్రాంటు రావాలట.’’

‘‘మరి రేపు పదింటికి ఏదో మీటింగంట?’’

‘‘అది మాత్రం ఖాయం.’’

ఉద్యోగికి కావలసిన వార్త ఎక్కడుందో ఎవరికీ తెలియక కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడక్కముందే బయటపెట్టవలసినవి 17 అంశాలుగా రాసింది. అందులో బడ్జెట్ ఉంది, ఉద్యోగుల నెల జీతాలున్నాయి, మండళ్లూ కమిటీల సమావేశాల మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయో లేదో చెప్పాలన్నది కూడా ఉంది. ఈ 17 అంశాలకు ఏ దినోత్సవమూ లేదు గనుక వాటి మీద సర్క్యులరూ రాదు. 2023 చివర్లో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి ప్రకటనలు వెలువడ్డాయి, ఆ వ్యవహారం కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న మనిషికి అంతకు మించిన క్యాంపస్ వార్త ఏముంటుంది? అతను దాన్ని పేపర్లో చదువుకున్నాడు, మిగతాది తోటివాళ్లను అడిగి తెలుసుకున్నాడు. ఆ వారం అతని విభాగానికి వచ్చిన సర్క్యులర్ రాజ్యాంగ దినోత్సవ ప్రతిజ్ఞ గురించి.

వేరే పద్ధతి ఉండదని అనుకోనక్కరలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం 1870 నుంచి ‘రిపోర్టర్’ పేరుతో తన అధికారిక పత్రిక వెలువరిస్తోంది. ఖాళీ పోస్టులు, నియామకాలు, పాలకవర్గం ప్రతిపాదనలు అందులో అచ్చవుతాయి. ఆ ప్రతిపాదనల మీద జరిగే చర్చలో సిబ్బంది లేచి చెప్పిన అభ్యంతరాలను కూడా పేరుతో సహా వేస్తారు. ఫలానా ప్రతిపాదన తప్పు అని ఒక లెక్చరర్ అన్న మాటను విశ్వవిద్యాలయమే తన ఖర్చుతో అచ్చేయడమన్నది మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఎవరి కలలోకీ వచ్చే సంగతి కాదు. ఇక్కడ అలాంటి పత్రికకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. నెలకు రెండు పేజీలు, తెలుగులో: పాలకమండలి తీర్మానాలు, జీతాల బిల్లు ఎక్కడుంది, కరవు భత్యం బకాయి ఎంత, కాంట్రాక్టు పొడిగింపుల జాబితా, ఖాళీలెన్ని, కోర్టు కేసు ఎంత వరకు వచ్చింది. దీనికి ఫ్లెక్సీ, శాలువా, జనరేటర్ అక్కరలేదు. ఒక దినోత్సవానికి అయ్యే బొకేల ఖర్చుతో ఏడాది నడుస్తుంది.

ఇంత చవకైన పని జరగకపోవడానికి కారణం డబ్బూ కాదు, తీరికా కాదు. దినోత్సవం మీద ఎవరూ అప్పీలుకు వెళ్లరు. యోగా చేయించారని ఎవరూ కోర్టులో రిట్ వేయరు, మొక్క నాటారని ఎవరూ ధర్నాకు కూర్చోరు. నిర్ణయం అలా కాదు. అది ముందే తెలిస్తే జనం ప్రశ్నిస్తారు, సంఘాలు వినతిపత్రాలిస్తాయి, ఎవరో ఒకరు పాత జీవో తీసి చూపిస్తారు. కాబట్టి అభ్యంతరం రాని సంగతులను ముద్ర వేసి ముందు రోజే పంపుతారు, అభ్యంతరం రాగల సంగతులను క్యాంటీన్‌కు వదిలేస్తారు. క్యాంపస్ వార్తల పంపిణీలో పాటించే నియమం మొత్తం ఇంతే.