కిరాణా కొట్టు షట్టర్ ఆత్మకథ

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కిరాణా కొట్టుకి నేను షట్టర్‌ని. నాకంటే ముందు ఆ కొట్టుకి చెక్క పలకలుండేవి. ఒక్కోదాని మీద అంకె వేసి, పొద్దున్నే వరసగా తీసి గోడకి ఆనించి, రాత్రి మళ్లీ అదే వరసలో గాడిలోకి దించేవారు. వరస తప్పితే చివరి పలక పట్టేది కాదు. వానాకాలం చెక్క ఉబ్బితే అసలు కదిలేది కాదు. ఆ అవస్థ పడలేకే ఎనభైల్లో కొట్టు యజమాని, మా పెద్దాయన, నన్ను పెట్టించారు.

నా తయారీలో పెద్ద విశేషమేం లేదు. ఉక్కు రేకుని పట్టీలుగా కోసి, అంచులు కొక్కెంలా వంచి, ఒకదాంట్లో ఒకటి దూర్చారు. అసలు బలమంతా పైన పైపుకున్న స్ప్రింగులది. నన్ను కిందికి లాగితే అవి బిగుసుకుంటాయి, ఎత్తేటప్పుడు ఆ బిగువే నా బరువు మోస్తుంది. అందుకే పెద్దాయన నన్ను ఒంటిచేత్తో ఎత్తేవారు. సగంలో వదిలేస్తే సగంలోనే నిలిచేదాన్ని. షట్టర్ బాగోగులు తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది అదే. వదలగానే కిందికి జారిందంటే స్ప్రింగు నీరసించిందన్నమాట. ఆ తర్వాత దాని కింద ఎవరూ నిలబడకూడదు.

దసరా వచ్చిందంటే ఆయన తక్కెడతో పాటు నాకూ పూజ చేసేవారు. పూజకి ముందు పాతగుడ్డ కిరసనాయిల్లో ముంచి, రెండు పక్కలా గైడు చానెల్లోని మట్టి తుడిచి, పల్చగా గ్రీజు రాసేవారు. ఆ ఒక్క పూట పనితో నాకు ఏడాది గడిచిపోయేది.

బందులప్పుడు నన్ను సగం దించేవారు. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం నాటికీ అదే అలవాటు. ఊరేగింపు వస్తే పూర్తిగా దించడం, వెళ్లాక నడుం ఎత్తు లేపడం. పసిపిల్లకి పాలపొడి కావాలని వంగి లోపలికొచ్చిన తల్లులెందరో. ఆ సగం ఎత్తులో కదలకుండా నిలబడటం నా ఉద్యోగమే అనుకున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. గాలి గంటకు 180 కిలోమీటర్లకి దగ్గరగా వీచింది. విమానాశ్రయం కప్పే నిలవలేదు, అద్దాల దుకాణాలైతే చెప్పనక్కర్లేదు. గాలి నన్ను లోపలికి పొడిచేది, మరుక్షణం బయటికి పీల్చేది. మధ్య పట్టీలు పొట్టలా ఉబ్బాయి. నా అంచులు చానెల్లో లోతుగా ఉన్నాయి కాబట్టి ఊడి రాలేదు. నా వెనక బియ్యం, పప్పు తడవలేదు. ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నన్ను ఎత్తడానికి కరెంటు అక్కర్లేదు కదా! పెద్దాయన మర్నాడే కొట్టు తెరిచి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు మామూలు ధరకే ఇచ్చారు. నా జన్మలో అంత గర్వంగా పైకి లేచిన రోజు మరొకటి లేదు.

పెద్దాయన పోయాక కొట్టు ఆయన అబ్బాయి చేతికొచ్చింది. చెడ్డవాడు కాదు. కానీ నన్ను గోడలో ఒక భాగమనుకున్నాడు. దసరాకి నా మీద పసుపు కుంకుమ పడుతూనే ఉన్నాయి, చానెల్లో కిరసనాయిలు గుడ్డ మాత్రం ఆగిపోయింది. కిర్రుమన్నప్పుడల్లా కొట్లో పనికుర్రాడు కాలిన ఇంజన్ ఆయిలు పోసేవాడు. మాది పోర్టుకి దగ్గర చోటు, బొగ్గు ధూళికి కరువు లేదు. ఆ ధూళి ఆయిల్లో నాని నల్లటి ముద్దయింది. కుర్రాడు నన్ను చేత్తో లాగడం మానేసి కాలితో తన్ని దించేవాడు. రోజూ గుమ్మంలో చల్లే కళ్లాపి నీళ్లు నా కింది ప్లేటు మడతలో నిలిచేవి. పైన సముద్రపు గాలి, కింద ఆ తడి. తుప్పు కనిపిస్తే పైన ఆకుపచ్చ రంగు కొట్టించారు. రంగు కింద తుప్పు తన పని తాను చేసుకుపోయింది. ఒకసారి ట్రాలీ ఆటో వెనక్కొచ్చి గుద్దితే రెండు పట్టీలు వంగాయి. వాటిని సుత్తితో కొట్టి సరిపెట్టారు.

ఒక రాత్రి స్ప్రింగు తెగింది. ధడేలున పడ్డాను. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజే మేస్త్రీకి కబురు పెట్టాల్సింది. పెట్టలేదు. నెలల తరబడి ఇద్దరు పట్టుకుని ఎత్తి, కింద గునపం పోటు పెట్టేవారు. ఒరిగిన బరువంతా ఒకే పక్క పడి కొక్కేలు సాగిపోయాయి. స్ప్రింగుతో పోవాల్సిన జబ్బు ఒళ్లంతా పాకింది.

ముందు కొత్త షట్టర్లమ్మే మనిషి వచ్చాడు. నన్ను తాకనైనా లేదు, వీధిలోంచే చూసి, "తీసిపారేయండి సార్, రిమోట్ మోటారుది పెడదాం" అన్నాడు. నాకు కోపమొచ్చింది అందుకే. ఎత్తి చూడకుండా తీర్పేమిటి?

తర్వాత మేస్త్రీ వచ్చాడు. చానెల్ గీకాడు. పట్టీ పట్టీ మీదా బొటనవేలు నొక్కుతూ పోయాడు. మడతల దగ్గర తుప్పు పొరలు పొరలుగా రాలింది. పైపు పట్టిన బ్రాకెట్లు గోడలో కదులుతున్నాయి.

"స్ప్రింగు, తాళం, చానెల్, నాలుగైదు పట్టీలు, ఇవి పోతే బాగు చేసుకోవచ్చు బాబూ. ఇక్కడ కొక్కేలే పల్చబడిపోయాయి. కొత్త స్ప్రింగు వేస్తే ఆ లాగుడికి ఇది చిరిగిపోద్ది. ఖర్చు కూడా కొత్తదాంట్లో సగం దాటిపోద్ది."

"మీ నాన్న పెట్టించింది రా," అంది అమ్మగారు, గల్లా దగ్గర్నుంచి.

"స్ప్రింగు తెగిన్నాడే పిలిచుంటే ఒక్కపూట పనమ్మా," అన్నాడు మేస్త్రీ. అబ్బాయి తల దించుకున్నాడు.

మేస్త్రీ మాట న్యాయమైనదే, కాదనను. ఆ రోజుకి నన్ను మార్చడమే సరి. కానీ ఆ రోజు దాకా నన్ను తెచ్చింది వయసు కాదు.

కొత్తది పల్చటి రేకుతో చవగ్గా వస్తుందేమోనని అబ్బాయి అడిగాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. గేజీ అంకె తగ్గేకొద్దీ రేకు మందం, అందుకే 18 గేజీ, జింకు పూత ఉన్న రేకు తీసుకోమన్నాడు. ఉప్పుగాలికి ముందు జింకు కరుగుతుంది, ఉక్కు ఆగుతుంది. మోటారు కావాలంటే కరెంటు పోయినప్పుడు చేత్తో తిప్పే హ్యాండిల్ కూడా ఉండాలని పట్టుబట్టాడు. హుద్‌హుద్ అతనూ చూసినవాడే.

నన్ను విప్పి వీధిలో పరిచారు. నా మీద నుంచే స్కూటర్లు పోయాయి. తాళం దగ్గర పెద్దాయన చెయ్యి పడీ పడీ నునుపెక్కిన చోటు ఉంది. దాని మీద ఎవరో చెప్పులు విడిచారు. సాయంత్రం పాత ఇనుము బండి వచ్చింది. కిలోల లెక్కన తూచారు.

తూచే ముందు మేస్త్రీ నా పైభాగం నుంచి తుప్పెక్కని పట్టీలు ఆరో ఏడో లాగి పక్కన పెట్టుకున్నాడు. ఇప్పటి రేకుల మడత వేరు, పాత షట్టర్ల కొక్కేల్లోకి దూరదట. అందుకే నా పట్టీలు పక్క వీధి స్టేషనరీ కొట్టుకి వెళ్తున్నాయి. ఆ యజమాని ఒక్క పట్టీ వంగగానే మేస్త్రీకి ఫోన్ చేశాడు.