లంబ సమద్విఖండన శాస్త్రం – మలంచా భాష్యం

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం ఉండాలి. విషయం: రేఖాఖండాన్ని రెండు సమభాగాలు చేసే గీత. ప్రయోజనం: రైలు దిగినవాడూ, ఎదురెళ్లినవాడూ ఒకరికొకరు కనబడటం. సంబంధం: బావాబావమరుదులది. అధికారి: ఖరగ్‌పూర్ మలంచాలో కాపురముంటూ, విజయనగరం వైపు నుంచి వచ్చే చుట్టాల కోసం స్టేషనుకు పోక తప్పని తెలుగువాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచీ ఈ అధికారం వంశపారంపర్యం.

శాస్త్రానికి ఆధారభూతమైన రేఖాఖండం ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం. పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ బిరుదును ఎగరేసుకుపోయాయి. బిరుదు పోయినా మధ్యబిందువు కదల్లేదు. ఏ చివర నుంచి కొలిచినా 536.25 మీటర్ల దగ్గరే ఉంది.

సూత్రం 1: మధ్యబిందువొకటే, ఖండనరేఖలనంతం.

వృత్తి: మధ్యబిందువు గుండా ఎంత ఏటవాలుగా పోయినా అది సమద్విఖండన రేఖే. కాని 90 డిగ్రీల కోణంలో నిలిచేది ఒక్కటే. దాని మీద ఎక్కడ నిలబడినా రెండు చివరలూ సమదూరం. పట్టాలు దాటి గోడ అవతలికి పోయినా ఆ న్యాయం చెడదు. కనుక టీకొట్టు ఆ గీత మీదే ఉండాలని శాస్త్రకారుల అభిమతం. రైల్వేవారి అభిమతం వేరు కావచ్చు.

సూత్రం 2: సగం దాటని వృత్తలేఖిని వృథా.

వృత్తి: రెండు చివరలా ముల్లు గుచ్చి, ఒకే వ్యాసార్ధంతో పైనా కిందా చాపాలు గీసి, అవి ఖండించుకున్న చోట్లను కలపాలి. శుల్బసూత్రకారులు తాడు కొసలు రెండు మేకులకు తగిలించి, నడుమ పట్టుకుని అటోసారి ఇటోసారి లాగి ఇదే గీత సాధించారు. మేకుల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయే తాడైతే ఎటూ సాగదు. కాస్త మిగులుండాలి.

పూర్వపక్షం: “ఇద్దరూ సరిగ్గా సగం సగం వస్తే చాలదా, మావయ్యా?” అని తొమ్మిదో తరగతి మేనల్లుడు.

సిద్ధాంతం: చాలదు. సగానికి తక్కువైతే చాపాలు కలవవు. సరిగ్గా సగమైతే ఒక్క చుక్క దగ్గర తాకి ఊరుకుంటాయి. ఒక్క చుక్క గుండా ఎన్ని గీతలైనా పోతాయని మొదటి సూత్రమే చెప్పింది. దిక్కు తెలియాలంటే రెండు చుక్కలు కావాలి. అందుకు ఇరువైపులవారూ సగం దాటి రావాలి.

ఉదాహరణ: “బావా, ఎక్కడున్నావు?” “ప్లాట్‌ఫారం మీదే.” “నేనూ అక్కడే!” ఆవకాయ జాడీతో ఒకడు ఈ చివర, ఖాళీ చేతులతో ఇంకొకడు ఆ చివర. “సామానుంది, నువ్వే రా.” “మోకాళ్లు నొప్పి, నువ్వే రా.” ఈ దశలో వ్యాసార్ధం సున్నా. కాసేపటికి రాజీ కుదిరి, ఎవరికి వారు లెక్కగా 536 మీటర్లు నడిచి ఆగారనుకుందాం. నడుమ అర మీటరు మిగులుతుంది. ఆ అర మీటరు ఎవరు దాటాలన్నదే బావాబావమరుదుల తగాదాలన్నిటికీ మూలమని భాష్యకారుల నిశ్చయం.

ఫలశ్రుతి: దీన్ని పఠించి సగం దాటి నడిచినవాడి జాడీ పగలకుండా ఇల్లు చేరును. వినీ కదలనివారు చెరో టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కి మలంచా చేరి, ఇల్లాలి చేత సమద్విఖండితంగా చీవాట్లు తిందురు.