మెగా ప్రైజ్ పూల్‌కు టీకా తాత్పర్యం

మూలం: మెగా ప్రైజ్ పూల్ 5,000*. స్క్వాడ్‌కు 200. స్లాట్లు 25. ఫస్ట్ 2,000, సెకండ్ 1,000, ఎంవీపీ 200. అడ్మిన్‌దే ఫైనల్.

అవతారిక: చందుర్తి పోరగాళ్ల ఫోన్లలో తిరిగే బీజీఎంఐ ఆట పోటీ పిలుపులకు ఇదొక మచ్చు. కర్త పేరు తెలియదు గాని, చల్లద్దాల ఫోటో మాత్రం నిలువెత్తున ఉన్నది.

ప్రతిపదార్థం: స్క్వాడ్, స్లాట్, ఎంవీపీ బాలురకు సైతం విదితములు గనుక విడుచుచున్నాము. విచారింపదగినది చుక్క గుర్తు. 'స్లాట్లు నిండితేనే' అని దాని అర్థము, అట్టడుగున చీమతలంత అక్షరాలతో.

అన్వయం: ఇరవై ఐదు ఇంటూ రెండు వందలు, ఐదు వేలు. పంచేది 3,200. శేషం 1,800, అనగా నూటికి 36. కౌటిల్యుడు జూదశాల అధ్యక్షునికి గెలుపులో నూటికి ఐదే విధించెను. పైన పాచికల అద్దె, నీళ్లకూ చోటుకూ రుసుము. ఇచ్చట చోటు ఎవరిల్లు వారిదే, డేటా ఎవరిది వారిదే. మరి 1,800 దేనికన్నా?

విశేషం: మూలంలో లేనిది రాయనన్నాడు మల్లినాథసూరి, మన మెదక్ వైపు కొల్చారం వాడు. మాకా పట్టింపు లేదు. పక్కనున్న వేములవాడనే చూడుడు. 10వ శతాబ్దిలో రెండవ అరికేసరి కొలువున పంపకవి కన్నడంలో విక్రమార్జున విజయం రచించి, అర్జునునిలో తన ఏలికనే నిలిపెను. రాజు ధర్మవురం అగ్రహారమిచ్చిన ముచ్చటను కవి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి బొమ్మలగుట్ట బండపై చెక్కించెను. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఆ బండపైనే. అందులో తెలుగు కందాలు! నన్నయకు ముందే, రాయి మీద, గణం తప్పని కందం! ఆ గుట్ట ఎక్కినవాడికి బండను వదిలి దిగబుద్ధి కాదు...

ఔను, ప్రైజ్ పూల్. ఓడిన కవుల వద్ద తలా ఇన్ని మాడలు వసూలు చేసి అరికేసరి అగ్రహారం కొనలేదు.

శంక: పెద్ద పోటీలకూ జనం డబ్బే కదా?

సమాధానం: నిజమే. 2021లో జరిగిన డోటా 2 ఆట పోటీ 'ది ఇంటర్నేషనల్'కు 4 కోట్ల డాలర్లు పోగైనవి, అభిమానులు కొన్న బ్యాటిల్ పాస్ అమ్మకాల్లో నాలుగోవంతు చేరగా. కాని ఆ వాటా ఎంతో వారు ముందే చాటిరి. కట్టినవాడు చూసేవాడు, ఆడి ఓడినవాడు కాడు. ఇక 2025 నాటి కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌లో ప్రవేశ రుసుమును పోటీలో చేరుటకు, నిర్వహణ ఖర్చులకు మాత్రమే ఒప్పినది. గెలుపు సొమ్ముకు ఆశపడి పైసలు కట్టే ఆటను నిషేధించినది. తెలంగాణలో ఆన్‌లైన్ పైసల ఆటలకు 2017లోనే తాళం పడ్డది. రుసుమునే బహుమతిగా తిప్పి ఇచ్చుట ఏ కోవకు వచ్చునో మీమాంసకులు తేల్చవలెను.

వాళ్లు తేల్చేలోపు మొదటి జోన్‌లోనే సచ్చిన నలుగురి రెండు వందలు పోయినయి. గెలిచినోని పైసలు వారమైనా పడవు. అడిగితే గ్రూపులకెల్లి తీసేస్తరు. అదే 'అడ్మిన్‌దే ఫైనల్'.

తాత్పర్యం: అన్నా, 'మీ పైసలు 5,000, అందుల నాకు 1,800' అని రాయి. స్లాట్లు ఎట్లయినా నిండుతయి. ఫోటో మాత్రం జర చిన్నగ పెట్టు.